పాత విద్యుత్ కారు కొనేవారికి శ్రీలంక పాఠం

సెకండ్‌హ్యాండ్ విద్యుత్ కారు కొనదలచినవారు మొదట పొరుగునున్న శ్రీలంక వైపు చూడటం మంచిది. 2014-15 ప్రాంతంలో సుంకాల రాయితీని ఆసరా చేసుకుని అక్కడి వ్యాపారులు జపాన్‌లో వాడిన నిస్సాన్ లీఫ్ కార్లను వేల సంఖ్యలో దిగుమతి చేశారు. అయిదుగురు కూర్చునే హ్యాచ్‌బ్యాక్, పెట్రోలు ఖర్చు లేదు. మధ్యతరగతి కుటుంబాలు మొగ్గు చూపడంలో వింత లేదు.

లీఫ్ 2010 డిసెంబరులో జపాన్ విపణిలోకి వచ్చింది. మోటారు విషయంలో దానికి చెడ్డపేరు లేదు. ఇంజన్, క్లచ్, సైలెన్సర్ లేని బండిలో చెడిపోయేవీ తక్కువే. చిక్కల్లా బ్యాటరీతోనే. తొలితరం లీఫ్‌లోని 24 యూనిట్ల బ్యాటరీని చల్లబరచడానికి ద్రవ వ్యవస్థ లేదు. అందువల్ల వేడి ప్రాంతాల్లో దాని సామర్థ్యం త్వరగా తరిగిపోయింది. 2012లో అమెరికాలోని ఆరిజోనా వినియోగదారులు గగ్గోలు పెట్టిన తర్వాతే కంపెనీ సామర్థ్యం తగ్గుదలకు సైతం వారంటీ ప్రకటించింది. జపాన్ చలిలో తిరిగిన కారు కొలంబో ఉక్కలోకి వస్తే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు.

డాష్‌బోర్డుపై బ్యాటరీ సామర్థ్యాన్ని తెలిపే గీతలు 12. సుమారు 15 శాతం తగ్గితే గానీ మొదటి గీత ఆరదు. కాబట్టి అన్ని గీతలూ వెలుగుతున్నంత మాత్రాన కారు కొత్తదానితో సమానం కాదు. పైగా నియంత్రణ వ్యవస్థను రీసెట్ చేస్తే ఆరిన గీతలు కొంతకాలం తిరిగి వెలుగుతాయి. ఓడోమీటరును వెనక్కి తిప్పే పాత విద్యకు ఇది కొత్త రూపం. బ్యాటరీ వాస్తవ స్థితి పరీక్షా పరికరం తగిలిస్తేనే బయటపడుతుంది. నిండుగా చార్జి చేయించి స్వయంగా నడిపి చూడటం మరో మార్గం.

అలాగని క్షీణించిన కారు పూర్తిగా వ్యర్థమనలేం. 2022లో శ్రీలంకలో పెట్రోలు బంకుల వద్ద రోజుల తరబడి బారులు తీరిన వేళ, ఊళ్లో తిరగడానికి సగం సామర్థ్యం మిగిలిన లీఫ్ అయినా అక్కరకు వచ్చేదే. ధర అందుకు తగ్గట్టు ఉండాలన్నదే షరతు.

మన దేశంలో 2022లో వచ్చిన టాటా టియాగో ఈవీ బ్యాటరీకి ద్రవ శీతలీకరణ ఉంది. 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీతో దాన్ని విడుదల చేశారు. అయితే ఆ వారంటీ రెండో యజమానికి ఏ షరతులపై బదిలీ అవుతుందో రాతపూర్వకంగా తెలుసుకోవాలి. పన్ను సంగతీ చూడాలి. వ్యాపారులు అమ్మే పాత విద్యుత్ కార్లపై, వారి లాభం మేరకు, జీఎస్టీని 12 నుంచి 18 శాతానికి పెంచాలని 2024 డిసెంబరులో జైసల్మేర్‌లో సమావేశమైన మండలి నిర్ణయించింది. వ్యక్తి నుంచి వ్యక్తి నేరుగా కొంటే ఈ పన్ను వర్తించదు.