చివర విప్పి, ముందు బిగించాలి

బెంగళూరు నుంచి జోలార్‌పేట వెళ్లే రైలుమార్గంలో బంగారుపేట దాటాక బిసానత్తం, గుడుపల్లె, ఆ తర్వాత కుప్పం వస్తాయి. ఈ ఊళ్లవాళ్లు చదువుకీ, కూలికీ, కొలువుకీ బెంగళూరు రైలెక్కడం ఎప్పటినుంచో ఉన్నదే. 2020 మార్చిలో లాక్‌డౌన్ పడ్డాక మాత్రం ప్రయాణం వెనక్కి మళ్లింది. నగరంలో ఉద్యోగాలు చేసే పిల్లలు లాప్‌టాప్‌లతో సహా అమ్మానాన్నల దగ్గరికి వచ్చేశారు. వేరుశనగ మూటలు పెట్టుకునే గదుల్లోకి టేబుల్, కుర్చీ, ఇన్వర్టర్, వైఫై చేరాయి. 2017 డిసెంబరులో మొదలైన ఏపీ ఫైబర్‌నెట్ లాంటి కనెక్షన్లు పల్లెలకు అందడం అప్పుడు అక్కరకొచ్చింది.

2023 అక్టోబరు నుంచి వారానికి ఐదు రోజులూ ఆఫీసుకు రావాలని టీసీఎస్ చెప్పింది. మరికొన్ని కంపెనీలూ పిలిచాయి. దాంతో చాలామందికి మళ్లీ మూటాముల్లె సర్దుకోక తప్పలేదు. అలాగని ఇంటి ఆఫీసుల కాలం చెల్లిపోలేదు. ఇంటినుంచి పనిని, ముఖ్యంగా మహిళల కోసం, పెద్ద ఎత్తున ప్రోత్సహిస్తామని కుప్పం ఎమ్మెల్యే కూడా అయిన ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు 2025 ఫిబ్రవరిలో ప్రకటించారు. ఇలాంటి గదులు పెరిగితే, వాటిని ఒక ఇంటినుంచి మరో ఇంటికి మార్చే పనీ పెరుగుతుంది.

ఆఫీసు గదిని మిగతా సామానుతో కలిపి కట్టేయడంతోనే చిక్కులు మొదలవుతాయి. గిన్నెల పెట్టె ఆలస్యమైతే ఆ పూటకు హోటల్ ఉంది. రూటర్ ఏ పెట్టెలో ఉందో తెలియకపోతే మరునాటి పని ఆగిపోతుంది. అందుకే పాత ఇంట్లో ఆఫీసు గదిని అన్నిటికంటే చివర విప్పాలి, కొత్త ఇంట్లో అన్నిటికంటే ముందు బిగించాలి. ఆషాఢం, మూఢం చూసుకుని పెట్టుకున్న ముహూర్తం పనిదినాన పడితే ఆ రోజు పాలు పొంగించి, దేవుడి పటాలు చేర్చి, ఆఫీసు గదిని శని, ఆదివారాలకు ఉంచుకోవచ్చు. పెద్దవాళ్లు కూడా దీనికి అడ్డు చెప్పరు.

వస్తువుల కంటే ముందు ఫైళ్ల సంగతి చూడాలి. ఒక కాపీ హార్డ్‌డిస్క్‌లో, ఇంకొకటి క్లౌడ్‌లో ఉండాలి. ఆ డిస్కూ, లాప్‌టాపూ ఒకే సంచిలో పెడితే, సంచి పోయిన రోజు రెండూ పోతాయి. వైర్లు పీకేముందు టేబుల్ వెనక భాగాన్ని ఫోన్‌తో ఫొటో తీసుకోవాలి. ప్రతి వైరుకూ కాగితం టేపు చుట్టి అది దేనిదో రాయాలి. మానిటర్‌ను దుప్పటి చుట్టి నిలబెట్టే తీసుకెళ్లాలి. ఇంక్‌ట్యాంక్ ప్రింటర్ మూతలు గట్టిగా బిగించి, వాలకుండా పెట్టాలి. ఫైబర్ తీగను మడిస్తే లోపలి గాజుపోగు విరుగుతుంది. మోడెం సర్వీసువాళ్లదైతే తిరిగి ఇచ్చి రసీదు తీసుకోవాలి.

అన్నిటికంటే జాగ్రత్త కావాల్సింది ఇన్వర్టర్ బ్యాటరీ దగ్గర. 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ 50 కిలోలకు పైగానే తూగుతుంది. లోపల ఉండేది సల్ఫ్యూరిక్ ఆమ్లం. ముందు ఇన్వర్టర్ ప్లగ్గు తీసి, స్విచ్ ఆపాలి. తర్వాత నలుపు తీగ, ఆ తర్వాతే ఎరుపు తీగ విప్పాలి. స్పానర్ రెండు టెర్మినళ్లకూ ఒకేసారి తగిలితే పెద్ద నిప్పురవ్వ లేస్తుంది. టెర్మినళ్లకు టేపు వేసి, టాటా ఏస్‌లో మూల చూసి నిలువుగా నిలబెట్టి తాడుతో కట్టాలి. పక్కన పరుపులు, బట్టలు పెట్టకూడదు. కొత్త ఇంట్లో బిగించేటప్పుడు ఎరుపు ముందు, నలుపు చివర.

కుప్పం ప్రాంతానికి ఒక ప్రత్యేకత ఉంది. ఇటు కర్ణాటక, అటు తమిళనాడు. కొద్ది దూరం కదిలితే రాష్ట్రమే మారుతుంది. వాడిన ఇంటి సామానుకు సరుకు రవాణా పత్రమైన ఈ-వే బిల్లు అక్కర్లేదు. ఇంట్లోనే చీరల వ్యాపారం చేసేవాళ్ల అమ్మకపు సరుకు మాత్రం ఇంటి సామాను లెక్కలోకి రాదు. దాని విలువ 50,000 రూపాయలు దాటితే సరుకు బయలుదేరే ముందే ఈ-వే బిల్లు తీసుకోవాలి. కంపెనీ ఇచ్చిన లాప్‌టాప్, మానిటర్ల విషయంలో ఆ కంపెనీ నుంచి ఒక లేఖ తెచ్చుకుంటే దారిలో సమాధానం చెప్పడం తేలిక.

ఇంటి వ్యాపారానికి జీఎస్టీ నంబరు ఉంటే దాని సంగతీ చూసుకోవాలి. ఆ నంబరు మొదటి రెండు అంకెలు రాష్ట్రానివి: ఆంధ్రప్రదేశ్‌కు 37, కర్ణాటకకు 29, తమిళనాడుకు 33. గుడుపల్లె నుంచి కుప్పానికి వ్యాపారం మారితే 15 రోజుల్లోగా చిరునామా సవరణకు దరఖాస్తు చేస్తే సరిపోతుంది. కర్ణాటకలోని బంగారుపేటకు మారితే అక్కడ కొత్త నంబరు తీసుకుని పాతదాన్ని రద్దు చేయించుకోవాలి. పాత లెక్కల పుస్తకాలను ఇల్లు సర్దే ఊపులో తూకానికి వేయకండి. వార్షిక రిటర్న్ గడువు నుంచి 72 నెలల పాటు వాటిని దాచి ఉంచాలని చట్టం చెబుతోంది. పట్టాదారు పాస్‌పుస్తకం, దస్తావేజులు, సర్టిఫికెట్లు లారీలో వేయకుండా ఇంటివాళ్లే చేత్తో పట్టుకెళ్లాలి.

ఇవన్నీ సర్దుకోవడానికి ముందే చేయాల్సిన పని ఇంకొకటుంది. కొత్త ఇంటికి అడ్వాన్సు ఇచ్చేలోపు ఆ వీధిలో ఏ కనెక్షన్ బాగా పనిచేస్తోందో, కరెంటు ఎంతసేపు పోతోందో పక్కింటివాళ్లను అడగండి. అక్కడ నెట్ నడవడం కళ్లారా చూశాకే పాత కనెక్షన్ తీయించండి.