హార్డ్ డిస్క్ మూత తీయకండి

మన మార్కుల మెమోలు, కుల, ఆదాయ సర్టిఫికెట్ల స్కాన్ కాపీలు, సీనియర్లు వదిలివెళ్లిన నోట్సు చాలా హాస్టళ్లలో ఒకే పాత కంప్యూటర్‌లో, ఒకే హార్డ్ డిస్క్‌లో ఉంటాయి. అది టక్ టక్‌మని శబ్దం చేస్తే "మూత విప్పి దుమ్ము తుడిస్తే సరి" అని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. ఫ్యాన్‌కు, కీబోర్డుకు ఆ సలహా మంచిదే. హార్డ్ డిస్క్‌కు మాత్రం పనికిరాదు. ఎందుకో చెబుతాము.

డిస్క్ లోపల అద్దంలా మెరిసే బిళ్ల నిమిషానికి 5400 లేదా 7200 సార్లు తిరుగుతుంది. సమాచారాన్ని చదివే, రాసే హెడ్ ఆ బిళ్లను తాకదు. బిళ్లతో పాటు తిరిగే గాలే హెడ్‌ను పైకెత్తి ఉంచుతుంది. ఇప్పటి డిస్కుల్లో ఆ ఎడం కొన్ని నానోమీటర్లే. తలవెంట్రుక మందమేమో సుమారు 80 వేల నానోమీటర్లు! ఇక మన గది దుమ్ము సంగతి చెప్పాలా? రేణువు అడ్డుపడితే హెడ్ అదిరి బిళ్లను గీకుతుంది. గీత పడిన చోట సమాచారం పోతుంది. గీకగా రాలిన పొడి కొంత హెడ్‌కే అంటుకుని మరో గీతకు కారణమవుతుంది.

అందుకే 1973లో ఐబీఎం తెచ్చిన 'వించెస్టర్' డిస్క్‌లో హెడ్‌లను, బిళ్లలను కలిపి ఒకే మూసిన పెట్టెలో పెట్టారు. మామూలు డిస్కులకు గాలి పీడనం సర్దుకోవడానికి ఒక చిన్న రంధ్రం, దాని వెనుక ఫిల్టర్ ఉంటాయి. ఆ రంధ్రంపై స్టిక్కర్ అంటించకూడదు. లోపల తిరిగే గాలిని వడకట్టడానికి ఇంకో ఫిల్టర్ ఉంటుంది. బిళ్లకు గట్టి కార్బన్ పూత, దానిపై అతి పలుచని నూనె పొర వేస్తారు.

మాకు ముచ్చటేసిన ఏర్పాటు మరొకటి ఉంది. హఠాత్తుగా కరెంటు పోతే, ఇంకా తిరుగుతున్న బిళ్ల ఊపుతోనే మోటారు కాస్త విద్యుత్తు పుట్టిస్తుంది. దానితో హెడ్ పక్కకు వెళ్లి ఆగుతుంది. అలాగని రోజూ స్విచ్ పీకేయకండి, షట్‌డౌన్ చేయండి. నడుస్తున్న కంప్యూటర్‌ను జరపకండి.

కొత్త కంప్యూటర్లలో చాలావాటికి ఎస్ఎస్‌డీలే వస్తున్నాయి. వాటికి హెడ్ ఉండదు. పాత డిస్క్ శబ్దం మొదలుపెడితే, ఇంకా ఫైళ్లు తెరుచుకుంటుంటే వెంటనే కాపీ చేసుకోండి. తెరుచుకోకపోతే ఆపేయండి, మళ్లీ మళ్లీ ఆన్ చేయకండి. మూత తీయాల్సి వస్తే దుమ్ములేని ప్రత్యేక గదిలో, తెలిసినవారే తీయాలి. కాపీ చేసేటప్పుడు ముందు సర్టిఫికెట్లు, తర్వాత ప్రాజెక్టులు. సినిమాలు చివర.