చెరకు తోట చెప్పే విశ్రాంతి పాఠం



కొన్నేళ్ల క్రితం మా సాయంకాలపు తెలుగు తరగతిలో ఉగాది నాటకం బాగా జరిగింది. ఆ ఉత్సాహంతో మేము మరుసటి వారమే ఇంకొక నాటకానికి పాత్రలు పంచిపెట్టాము. నెల తిరగకముందే సగం బల్లలు ఖాళీ అయినవి. పిల్లలకు తెలుగు మీద ఇష్టం పోలేదు, అలసిపోయారు. తప్పు మాదే.

విశ్రాంతి అంటే సోమరితనమని మనలో అనేకుల తలంపు. ఈ భయం ఊరకే రాలేదు. 19వ శతాబ్దంలో మారిషస్ తోటలలో ఒప్పంద కూలీ ఒక దినం పనికి రాకపోతే రెండు దినాల కూలి కోసేవారు. ఆ లెక్క పోయి చాలా కాలమైంది గాని, దాని భయం మాత్రం మన ఇండ్లలో మిగిలిపోయింది.

అదే తోటలోని చెరకు వేరొక పాఠం చెబుతుంది. నవంబరు నుండి ఏప్రిల్ వరకు వేడికీ వానకూ గడ ఏపుగా ఎదుగుతుంది. అప్పుడు కొరికితే చప్పగా ఉంటుంది. మే తరువాత చలి వచ్చి వానలు తగ్గితే ఎదుగుదల మందగిస్తుంది. ఆకులు చేసే చక్కెర ఎదుగుదలకు ఖర్చు కాక గడలో చేరుతుంది. అందుకే మన దేశంలో కోతలు జూను నుండి డిసెంబరు దాకా సాగుతాయి. అయితే పండిన చెరకును మరీ ఆలస్యంగా కోసినా తీపి తగ్గిపోతుంది. కోసిన తరువాత దుబ్బును పెరికివేయరు. అదే మళ్లీ చిగిర్చి, కొన్నేళ్లు కార్శి పంట ఇస్తుంది.

చదువు సంగతి కూడా ఇంతే. ఒకే దినం కూర్చొని వల్లించినదాని కంటె, ఎడం ఇచ్చి కొన్ని దినాలు చదివినది బాగా నిలుస్తుందని జర్మనీ శాస్త్రజ్ఞుడు ఎబ్బింగ్‌హాస్ 1885లోనే చూపించాడు.

గనుక ఇప్పుడు మేము ప్రతి నాటకం తరువాత రెండు వారాలు సెలవు ఇస్తాము. తిరిగి వచ్చే తేదీని ముందే పలక మీద వ్రాస్తాము. ఆ తేదీ లేకపోతే సెలవు కాస్తా మానివేయడం అవుతుంది. ఒకసారి సెలవు తరువాత ఒక అమ్మాయి వచ్చి, అమ్మమ్మ పాడిన పెళ్లిపాటలోని ఒక మాటకు అర్థం అడిగింది. ఆ మాట మా పాఠ్యపుస్తకంలో లేదు. మా తరువాతి నాటకం ఆ మాట నుండే పుట్టింది.

భజన బృందాలవారికి, ఉపాధ్యాయులకు, తల్లిదండ్రులకు మా మనవి ఒక్కటే. పండుగ తేదీలతో పాటు విశ్రాంతి తేదీలను కూడా క్యాలెండరులో వ్రాసుకొనండి.