కోలారు బంగారానికి ఖరీదు కట్టినదెవరు?

2001 ఫిబ్రవరి 28న కోలారు బంగారు గనులు మూతపడ్డాయి. నాడు ప్రభుత్వం చూపిన కారణం ఒక్క మాటలో ఇమిడిపోతుంది: నష్టం. ఆ మాటను మన జిల్లాలో అందరూ నమ్మారు, నేటికీ నమ్ముతున్నారు. అయితే నష్టమనేది ఒక తీసివేత లెక్క. అందులో ఖర్చు ఒక అంకె, అమ్మిన ధర మరొక అంకె. ఖర్చును గురించి కమిటీలు కూర్చున్నాయి, వాదోపవాదాలు జరిగాయి. ధరను ఎవరు, ఏ అధికారంతో నిర్ణయించారన్న సంగతి మాత్రం సామాన్యుని దాకా రాలేదు.

1880లో జాన్ టేలర్ కంపెనీ ఇక్కడ అడుగుపెట్టింది. 1902 నాటికి శివసముద్రం నుండి విద్యుత్తు వచ్చింది. 1956లో గనులు మైసూరు ప్రభుత్వపరమయ్యాయి, 1962 చివర కేంద్ర ఆర్థిక శాఖ చేతికి వెళ్ళాయి. అసలు కథ ఇక్కడే మొదలవుతుంది.

ఆనాడు ప్రపంచమంతటా బంగారానికి అధికారిక ధర ఔన్సుకు 35 డాలర్లు. డాలరుకు 4 రూపాయల 76 పైసల చొప్పున లెక్క కడితే పది గ్రాములకు 53 రూపాయల 58 పైసలు వస్తుంది. అదే 1962లో మన బజారులో పది గ్రాములు దాదాపు 120 రూపాయలు పలికింది. కోలారులో పండిన బంగారాన్ని కేంద్రం తీసుకున్నది బజారు ధరకు కాదు, ద్రవ్యనిధి లెక్కలోని ఆ అధికారిక ధరకు. 1966లో రూపాయి విలువ తగ్గించిన తరువాత అధికారిక లెక్క 84 రూపాయలకు పెరిగింది. 1970 నాటికి బజారు ధర 180 దాటింది. గనికి యజమాని ప్రభుత్వమే, సరుకు కొనేదీ ప్రభుత్వమే, ధర కట్టేదీ ప్రభుత్వమే. సంతలో ఏ దళారీ అయినా ఇట్లాంటి బేరం చేస్తే రైతు ఊరుకుంటాడా?

ఈ తేడా సొమ్ము గాలిలో కలిసిపోలేదు, విదేశీ మారక నిల్వల రూపంలో ఖజానా చేరింది. నిజానికి అది గనిపై వేసిన పన్ను. కాని పన్ను అని పేరు పెట్టలేదు కనుక బడ్జెట్టులో కనబడలేదు. గని లెక్కపుస్తకంలో మాత్రం నష్టంగా కనబడింది. కొత్త యంత్రాలకు, కొత్త రాతిపొరల అన్వేషణకు మిగలవలసిన సొమ్ములో ఎంతో కొంత అట్లా తరలిపోయిందని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

బజారు ధర అంత ఎక్కువగా ఉండటం ప్రభుత్వానికి ఇబ్బందిగానే తోచింది. దానికి విరుగుడుగా వచ్చినదే బంగారు నియంత్రణ. చైనా యుద్ధంలో కాల్పులు ఆగినది 1962 నవంబరు 21న. భారత రక్షణ నిబంధనల కింద మొరార్జీ దేశాయి బంగారు నియంత్రణను అమలులోకి తెచ్చినది 1963 జనవరిలో. అంటే ఫిరంగులు మౌనం వహించిన యాభై రోజులకు, దేశరక్షణ పేరుతో, ఆడపడుచు మెడలోని గొలుసు ఎన్ని కేరట్లు ఉండాలో శాసించారు. కొత్త నగ 14 కేరట్లకు మించరాదు. నగ రూపంలో లేని బంగారం ఇంట ఉంటే సర్కారుకు తెలపాలి.

పధ్నాలుగు కేరట్లంటే నూటికి 58 పాళ్ళే బంగారం, తక్కినది రాగీ వెండీ. మన కంసాలి చేతికి అలవాటైనది మెత్తని 22 కేరట్ల బంగారం. తీగ లాగడం, అతుకు పెట్టడం, మెరుగు దిద్దడం, తరతరాలుగా నేర్చిన ప్రతి పనీ ఆ మెత్తదనం మీదనే ఆధారపడింది. పైగా అవసరానికి కుదువ పెట్టుకోవడానికి పనికిరాని నగను ఏ తల్లి చేయించుకుంటుంది? దేశమంతటా కంసాలుల కొలుములు చల్లారాయి. ఆత్మహత్యల మాట పార్లమెంటు దాకా వెళ్ళింది. ఆ ఏడాదే పాత నగలను కరిగించి చేసుకునే వీలు కొంత ఇచ్చారు. 1966లో 14 కేరట్ల నిబంధన ఎత్తివేశారు. దొంగబంగారం రాక మాత్రం ఆగలేదు.

ఇది తప్పని అప్పుడే అన్నవారు లేకపోలేదు. 1959లో రాజాజీతో కలిసి స్వతంత్ర పార్టీని నిలబెట్టిన ఆచార్య ఎన్.జి.రంగా ఆ రోజులలో మన పొరుగునున్న చిత్తూరు నుండే లోక్‌సభ సభ్యుడు. లైసెన్సులు, పర్మిట్ల పాలనను ఆ పార్టీ మొదటినుండీ ఎదిరించింది. వారి మాట చెల్లలేదు. 1968 జనవరిలో అత్యవసర పరిస్థితి ముగిసింది. భయం పోయింది కదా, నిబంధనలూ పోవాలి. అదే ఏడాది సెప్టెంబరులో బంగారు నియంత్రణ శాశ్వత చట్టమైంది! దానిని 1990లో గాని రద్దు చేయలేదు. మరుసటి ఏడాది విదేశీ చెల్లింపులకు డబ్బు లేక ప్రభుత్వం విదేశాలకు పంపిన మొదటి 20 టన్నులు దొంగరవాణాదారుల నుండి జప్తు చేసిన బంగారమే.

న్యాయంగా చెప్పాలంటే గనుల కష్టం బూటకం కాదు. మూడు కిలోమీటర్లకు పైబడిన లోతు, భరించరాని వేడి, రాయి పేలే ప్రమాదం, వీటికి తోడు ఒకప్పుడు టన్ను రాతికి పదుల గ్రాములు ఇచ్చిన పొరలు చివరకు మూడు నాలుగు గ్రాములకు దిగజారాయి. 1971 తరువాత 35 డాలర్ల ధర కూడా చరిత్రలో కలిసింది. కనుక ధరను సక్రమంగా కట్టి ఉంటే గనులు నేటికీ నడిచేవని చెప్పడం కూడా మరొక అసత్యమే అవుతుంది. ఏదో ఒకనాడు మూతపడక తప్పేది కాదు. కాని ఆ రోజు ఎప్పుడు వచ్చేదో, కార్మికుని చేతిలో అప్పటికి ఎంత మిగిలేదో వేరే సంగతి.

మూసివేత తరువాత ప్రతి ఎన్నికలలోనూ గనులు తెరుస్తామన్న వాగ్దానం వినబడుతూనే ఉంది. 2024 జూన్‌లో కర్ణాటక మంత్రివర్గం సైనైడు దిబ్బలలో మిగిలిన బంగారాన్ని వెలికితీసే ప్రతిపాదనకు సమ్మతించింది. పదమూడు దిబ్బలు, సుమారు 3 కోట్ల 30 లక్షల టన్నుల మట్టి. గాలి వీచినప్పుడల్లా ఆ ధూళి పడేది రాబర్ట్‌సన్‌పేట, ఛాంపియన్ రీఫ్స్ ఇళ్ళ మీద. టన్నుకు ఎంత బంగారం వస్తుంది, దానిని ఎవరు ఏ ధరకు కొంటారు, అందులో ఊరికి దక్కేది ఎంత అన్న మూడు ప్రశ్నలను ఈసారి ఓటు అడగడానికి వచ్చినవారి ముందు ఉంచవచ్చు.