చపాతీకీ పంటి మచ్చకీ ఏం సంబంధం?

చపాతీ పిండిని సాగేలా చేసేది గోధుమలోని గ్లూటెన్ అనే మాంసకృత్తు. సీలియాక్ జబ్బున్న పిల్లలకు అది పడదు. కానీ గొడవ పేగులో అయితే పన్నుకేమైంది?

చిన్నపేగు లోపల తువ్వాలు పోగుల్లా సన్నటి మొలకలుంటాయి. తిండిలోని సారాన్ని పీల్చేవి అవే. ఈ జబ్బున్నవాళ్లలో గ్లూటెన్ తగిలితే ఒంటి రక్షణ వ్యవస్థ పొరబడి వాటినే దెబ్బతీస్తుంది. కాల్షియం సరిగా ఒంటబట్టదు. సరిగ్గా అప్పుడే చిగుళ్ల లోపల శాశ్వత దంతాలు తయారవుతుంటే, పైపొర ఎనామిల్ బలంగా ఏర్పడకపోవచ్చు. పళ్లొచ్చాక మచ్చలు, గీతలు, గుంటలు కనిపిస్తాయి. తరచూ కుడిఎడమల ఒకే చోట. సరిగా తోముకోలేదని ఆ పిల్లల్ని తిట్టడం అన్యాయం! ఎనామిల్ మళ్లీ పెరగదు కాబట్టి జబ్బును ఎంత చిన్నప్పుడు గుర్తిస్తే అంత మేలు.

చపాతీ పడని ఈ పిల్లలు నారాయణఖేడ్ ప్రాంతపు జొన్నరొట్టె తినొచ్చు, అందులో గ్లూటెన్ లేదు. అయితే గోధుమలు పట్టిన గిర్నీలోనే జొన్నలూ పట్టిస్తే గోధుమపిండి జొన్నపిండిలో కలుస్తుంది.