వాసంలో కాపురం

పొద్దున్నే అరుగు మీద కూర్చుని పేపరు చదువుతుంటే జిల్లా పేజీ మీద సన్నగా పొట్టు రాలింది. దులిపాను. మళ్లీ రాలింది. తలెత్తి చూద్దును కదా, నెత్తి మీద వాసానికి అడుగున ఓ కన్నం. వడ్రంగి బరమా పెట్టి తొలిచినంత గుండ్రంగా, చూపుడువేలు పట్టేలా ఉంది. లోపల్నించి గర్రుమని చప్పుడు.

నందిగామలో మా ఇంటికి మా నాన్నగారి నాటి పెంకుల వసారా ఒక్కటే మిగిలింది. తక్కినదంతా స్లాబే. “చెదలు పట్టినట్టున్నాయి బాబాయ్, కాస్త కిరసనాయిలు పొయ్యండి” అన్నాడు పక్కింటబ్బాయి. చెదపురుగుకు అంత గుండ్రని పనితనం ఎక్కడిదిరా? పైగా చెద మట్టి పూస్తుంది గాని పొట్టు రాల్చదు.

కాసేపటికి ఆ ఇంటావిడే వచ్చింది. అంగుళం పొడుగు, నూనె రాసినట్టు నల్లటి ఒళ్లు, ఎండ తగిలితే నీలంగా, ఆకుపచ్చగా మెరిసే రెక్కలు. సెలవులకు అమెరికా నించి వచ్చిన మా మనవరాలు “తాతయ్యా, బంబుల్‌బీ!” అని కేకేసి తలుపు చాటుకు పోయింది.

బంబుల్‌బీ కాదమ్మలూ, ఇది మన తుమ్మెద. నీకు తెలిసిన ఆ బంబుల్‌బీకి పొట్ట మీద కూడా కంబళి కప్పినట్టు దట్టంగా నూగు ఉంటుంది. దీని పొట్ట చూడు, పాలిష్ పెట్టిన బూటులా నున్నగా ఉంది. మీ ఊళ్లోనూ దీని చుట్టాలుంటారు. ఈసారి పొట్ట చూసి పేరు చెప్పు.

ఆ బంబుల్‌బీది చలిదేశపు కాపురం. లోకంలో రెండొందల యాభై రకాల దాకా ఉంటే, మన దేశానికి దక్కిన నలభై చిల్లరా హిమాలయాల వైపే. పొద్దున్నే ఎగరబోయే ముందు రెక్కలు కదపకుండా ఎగిరే కండరాల్ని మాత్రం వణికించి, రొమ్మును ముప్పై డిగ్రీల పైకి వేడెక్కించుకుంటుంది. తేనెటీగ గూడు వదలని చలిలో కూడా ఇది పనిలోకి దిగేది అందుకే. ఎలుక వదిలేసిన బొరియలో రాణీ, కొన్ని వందల మంది కూలీలూ. చలికాలం వచ్చేసరికి అందరూ పోతారు, జతకట్టిన కొత్త రాణులు మాత్రం మట్టిలో దూరి నిద్రపోతాయి. రోళ్లు పగిలే మన మే నెల ఎండలో ఆ కంబళి కప్పుకుని ఎవరు బతుకుతారు చెప్పండి?

మన మెట్టలో పూల పని చూసేది తుమ్మెద. శాస్త్రంలో దీని పేరు జైలోకోపా. కర్రను నరికేది అని గ్రీకు అర్థం. నరుకుతుందే గాని తినదు. పళ్లలాంటి దవడలతో ముందు కర్రకు అడ్డంగా కొంత తొలిచి, ఆపైన మలుపు తిరిగి కర్ర పొడుగునా సొరంగం తీస్తుంది. కొసన పుప్పొడీ తేనే కలిపి సున్నుండలా ఓ ముద్ద చేసి పెట్టి, దాని మీద ఒకే ఒక్క గుడ్డు పెడుతుంది. రాల్చకుండా దాచుకున్న పొట్టును ఉమ్మితో తడిపి గోడ కడుతుంది. మళ్లీ ముద్ద, మళ్లీ గుడ్డు, మళ్లీ గోడ. అలా రైలుపెట్టెల్లా ఒకదాని వెనక ఒకటి.

ఆ గుడ్డు సంగతి ఓ మాట చెప్పాలి. పురుగుల లోకంలో అన్నిటికంటే పెద్ద గుడ్డు పెట్టేది ఈ తుమ్మెద జాతే. వీటిలో ఒక రకం గుడ్డు పదహారు మిల్లీమీటర్లు ఉంటుంది. తేనెటీగ రాణి ఒక్క రోజులో వెయ్యికి పైగా పెడితే, ఈవిడ పెట్టేవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఇంకో విశేషం: ఒంటరిగా కాపురం చేసే తేనెటీగ చుట్టాల్లో చాలావాటికి తల్లి బిడ్డను చూసుకునే యోగం లేదు. తుమ్మెద మాత్రం రెక్కలొచ్చిన పిల్లల్ని కూడా కొన్నాళ్లు ఇంట్లోనే ఉంచుకుని తేనె పట్టుకొచ్చి పెడుతుంది. చదువైపోయినా ఇంట్లోనే ఉండే కుర్రాళ్లున్న తల్లులకు వేరే చెప్పాలా!

మగతుమ్మెద రుబాబే తప్ప పస లేని మనిషి. కన్నం దగ్గర గాలిలో నిలబడి వచ్చేపోయేవాళ్ల మొహాల్లోకి చూస్తూ కాపలా కాస్తాడు. వాడి ముందు నించి చిన్న గులకరాయి విసిరాను, శత్రువనుకుని కొంతదూరం తరిమొచ్చాడు. మనవరాలు పదిసార్లు విసిరింది, పదిసార్లూ తరిమాడు. వాడికి కొండి లేదు. ఆడదానికి ఉంది గాని, గుప్పిట్లో పట్టి నలిపితే తప్ప కుట్టదు.

ఇక అసలు విద్య. మా పెరట్లో వంగమొక్కలున్నాయి. ఊదారంగు పూవు, మధ్యలో పసుపుపచ్చ గొట్టాలు. పుప్పొడి అంతా ఆ గొట్టాల్లోనే. గొట్టం కొసన చిల్లు తప్ప వేరే దారి లేదు, అచ్చం పౌడరు డబ్బాయే. తేనెటీగ వచ్చి చుట్టూ తిరిగి, కింద రాలిందేదో ఏరుకుని పోతుంది. తుమ్మెద పూవును కాళ్లతో వాటేసుకుని, రెక్కలు కదలకుండా ఒళ్లంతా ఝుమ్మని అదిరిస్తుంది. సెకనుకు వందలసార్లు. పౌడరు దాని పొట్ట మీద రాలుతుంది.

నమ్మకపోతే చూడమని నేను బడిలో చెప్పే రోజుల నాటి ట్యూనింగ్ ఫోర్కు పెట్టెలోంచి తీశాను. పూవు కింద మనవరాలి సెల్‌ఫోను, నల్లటి అద్దం పైకి ఉండేలా పట్టుకోమన్నాను. ఫోర్కును చెప్పు మడమకు కొట్టి గొట్టాలకు ఆనించాను. అద్దం మీద పసుపు చల్లినట్టు పడింది. “మళ్లీ, మళ్లీ” అంటూ పెరట్లో పూలన్నీ ఖాళీ చేయించింది.

గాలి కుదుపుకు కూడా వంగ కొంత కాస్తుంది, కాదనను. టమాటా సంగతీ అంతే. అయితే టమాటా పెంచే అద్దాల ఇళ్లలో గాలి ఏది? అందుకే యూరపులో ఒకప్పుడు కూలీలు కరెంటు పరికరాలతో టమాటా పూలను అదిరించుకుంటూ తిరిగేవాళ్లు. బెల్జియంలో రోలాండ్ డి యోంగె అనే పశువుల డాక్టరు 1985లో ఆ పని బంబుల్‌బీలకు అప్పజెప్పి చూశాడు. 1987కల్లా వాటిని పెంచి అమ్మే వ్యాపారమే పుట్టింది. మిరప కూడా అదే కుటుంబం కదా అని మా జగ్గయ్యపేట రైతు ఒకాయన అడిగాడు. మిరపపూవు గొట్టం నిలువునా చీలిపోతుందండీ, దానికి ఈ ఝంకారం అక్కర్లేదు.

తంగేడుకు మాత్రం కావాలి. గరికపాడు దాటితే తెలంగాణ, అక్కడ బతుకమ్మలో పేర్చేది తంగేడునే. ఆ పూవులో పొట్టి గొట్టాలు తుమ్మెదకు తిండి పెడతాయి, పొడుగు గొట్టాలు దాని ఒంటి మీద చెయ్యందని చోట పుప్పొడి చల్లుతాయి. భోజనం పెట్టి చేతిలో ఉత్తరం పెట్టినట్టు! జిల్లేడు ఇంకా గడుసుది. పుప్పొడిని జంటసంచుల్లో కట్టి తుమ్మెద కాళ్లకు తగిలిస్తుంది. జనుములోనూ, కందిచేలోనూ దీని పని ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సోలమన్ రాజు గారు మన తుమ్మెదల గూళ్లూ, అవి తిరిగే పూలూ పరిశీలించి 2006లో ‘కరెంట్ సైన్స్’లో రాశారు. మన కవులు మాత్రం వాటిని తామరపూల్లోనే తిప్పారు. వాసాల దాకా ఎవరూ రాలేదు.

ఆ వాసాలే ఇప్పుడు కరువు. జగ్గయ్యపేట చుట్టూ సున్నపురాయి గనులు, సిమెంటు ఫ్యాక్టరీలు. మన మట్టిలోంచి తీసిన సిమెంటుతోనే మనం స్లాబులు పోసుకున్నాం. 2022లో కృష్ణా జిల్లా చీలి మా ప్రాంతం ఎన్టీఆర్ జిల్లా అయింది, నా చిన్నప్పటి పెంకుటిళ్లు అంతకుముందే పోయాయి. స్లాబును తొలిచే దవడ తుమ్మెదకు లేదు.

వడ్రంగిని పిలిచి వాసం చూపించాను. “ఒక్క కాపురానికి ఏం కాదండీ. ఏళ్ల తరబడి అదే కర్రలో తొలిస్తే మాత్రం బలం పోతుంది” అన్నాడు. నిజమే. అందుకని తలుపులకూ ద్వారబంధాలకూ రంగు వేయించాను, రంగున్న కర్ర జోలికి అది సాధారణంగా రాదు. ఆ ఒక్క వాసం వదిలేశాను. కుర్చీ మాత్రం మూరెడు పక్కకు జరుపుకున్నాను.

పాదు ఎండిపోయాక పందిరి విప్పి, వెదురు బొంగులు కాగు కిందికి తోసేస్తాం కదా. తోసేముందు ఒక్కసారి తిప్పి చూడండి. వేలు పట్టే కన్నం కనబడితే అదీ తుమ్మెద ఇల్లే కావచ్చు, ఆ ఒక్క బొంగూ తీసి చూరులో దోపెయ్యండి.