చుంచు ఎలుక కాదు

మార్కాపురం, గిద్దలూరు ప్రాంతముల రైతులకు పసుల పోలిగాడును పరిచయము చేయనక్కరలేదు. ఒళ్ళంతయు నలుపు, చీలిన పొడుగు తోక. మేతకు పోవు పశువుల వీపుపై కూర్చుండి, గడ్డిలోనుండి లేచిన మిడుతలను పట్టి తినును. దీనిని మేలుచేయు పిట్టగా అందరును ఎరుగుదురు. రాత్రివేళ గోడవారగా కిచకిచమనుచు పరుగెత్తు చుంచును మాత్రము ఎలుకయని తలచి చంపుచున్నారు. ఇది తగదు.

జంతుశాస్త్రమున ఈ రెండింటికిని తరగతియే వేరు. పోలిగాడు పక్షుల తరగతిలో పాసెరిఫార్మిస్ క్రమమునకు చెందిన పాటపిట్ట. డేగ కూతను సైతము అనుకరింపగలదు. చుంచు పిల్లలకు పాలిచ్చు క్షీరదము. ఎలుకయు క్షీరదమే అయినను దానిది రోడెన్షియా క్రమము, చుంచుది యూలిపోటిఫ్లా క్రమము. చుంచు శాస్త్రనామము సంకస్ మ్యూరినస్. 1766లో లిన్నేయస్ వాడిన మ్యూరినస్ అను మాటకు ఎలుకవంటిది అని అర్థము. చూపునకు ఎలుకవంటిదే గాని, తిండికి కాదు.

గుర్తించుట సులభము. చుంచు మూతి పొడవుగా సాగి మొనదేలియుండును. కన్నులు మిక్కిలి చిన్నవి. ఒంటినుండి కంపు వచ్చును. ఎలుకకు ఉలివంటి ముందుపండ్లుండును. చుంచుకు చిన్న వాడిపండ్లుండును. బొద్దింకలు, పురుగులు దీని ముఖ్యాహారము. వంటయింట మూతలేని పదార్థములను ముట్టవచ్చును గాని, గాదెను ఖాళీచేయునది ఎలుకయే.

అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమితి పట్టికలో పోలిగాడు, చుంచు రెండును ప్రస్తుతము ప్రమాదము లేని వర్గమున ఉన్నవి. అయినను వాని బంధువులన్నియు క్షేమమని తలపరాదు. నల్లమల రాతికొండలలో కనిపించు పసుపు గొంతు పిగిలిపిట్ట ముప్పు పొంచియున్న వర్గమున చేరినది. అండమాన్ దీవులలోని జెంకిన్స్ చుంచు అంతరించు ప్రమాదములో ఉన్నది.

కావున రైతులు ఈ క్రింది పనులు చేయవలెను. కంది, శనగ చేలలో ఎకరమునకు 10 నుండి 20 పంగకర్రలను పైరుకంటె ఎత్తుగా నాటినచో పోలిగాడు వాటిపై వాలి పచ్చపురుగులను ఏరుకొనును. ఎలుకల మందు ఎరను గట్లపై చల్లక, ఎలుకలు తిరుగు కన్నములలోనే వేసి మూయవలెను. బోనులో చుంచు పడినచో చేతితో పట్టక, దొడ్డిలోనికి తీసికొనిపోయి తలుపు తెరచి విడువవలెను. కూలి అడుగక పురుగులను ఏరు జీవమును మనమే చంపుకొనుట నష్టము.